చినుకు పడిన పట్టాలు

ట్రామ్ కింద పడి నాన్న పోయాక చిట్టి మళ్ళీ పనిలోకి వెళ్ళిన రోజునే, ఆ ట్రామ్ చక్రం ముక్క కూడా ఆమె పనిచేసే చోటికి వచ్చి చేరింది.

చెక్కపెట్టెలో, గోనెగుడ్డ చుట్టి, రెండు ఇనుప ముక్కలు. ఒకటి చక్రం అంచు నుంచి కోసింది, ఇంకొకటి పట్టా నుంచి కోసింది. పెట్టె మీద విచారణ సంఘం ముద్ర ఉంది. గుమాస్తా దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టి, ఎప్పటిలాగే సంతకం కోసం పుస్తకం చిట్టి వైపు జరిపాడు. అంతలో ముద్ర కింద రాసి ఉన్నది చదువుకుని, నాలిక కరుచుకుని, పుస్తకం వెనక్కి లాక్కున్నాడు.

"పర్లేదు, ఇలా ఇవ్వండి. ఎవరో ఒకరు తీసుకోవాలిగా," అంది చిట్టి.

"మీరొద్దు మేడమ్. పొడుగాయన్ని పిలుస్తాను," అంటూ అతను పెట్టెను కూడా ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

చిట్టి అన్నది ఇంట్లో పేరు. నలభై దాటి, కణతల దగ్గర జుట్టు నెరిసినా ఇంట్లోవాళ్ళకి ఆమె చిట్టే. చదువు అయిన దగ్గర్నుంచీ ఈ పరీక్షశాలలో ఆమె పని ఒకటే: ఇనుము మీద ఇనుము దొర్లితే ఏమవుతుందో చూడడం. "ఒక చక్రం ఇంకో చక్రాన్ని రాసుకుంటుంటే కూర్చుని చూసినందుకు జీతం ఇస్తారా? మన ఇంట్లో గ్రైండరు దగ్గర నేను రోజూ చేసే పని అదేగా!" అని వదిన మొదట్లో నవ్వేది. వదిన మాటలో పెద్ద అబద్ధం లేదు. అరచేతిలో పట్టేంత చక్రాలు రెండు, అంచుకు అంచు ఆనించి, గట్టిగా నొక్కిపెట్టి తిప్పుతారు. ఒకటి బండి చక్రం వంతు, రెండోది పట్టా వంతు. ఒకటి రెండోదానికంటే రవ్వంత వేగంగా తిరుగుతుంది. సంగతంతా ఆ రవ్వంత తేడాలోనే ఉంది. ఎంత పట్టు ఉంది, ఎంత జారింది, గంటల తరబడి తిరిగాక ఎంత ఇనుము పొడై రాలింది అని కొలుస్తారు. ఆ యంత్రానికి నోరు తిరగని పేరేదో ఉంది గానీ అక్కడందరూ దాన్ని 'ఆలుమగలు' అంటారు. ఒకరి నడక ఒకరికి సరిపడదు, అలాగని విడిగా ఉండలేరు, ఒకరినొకరు అరగదీసుకుంటూ కాలం వెళ్ళదీస్తారు అని పొడుగాయన పెట్టిన పేరు అది. పొడుగాయన చిట్టి కంటే నాలుగైదేళ్ళు చిన్న, ఆమె పక్కనే పనిచేసే ఇంజనీరు. ఆ పేరు పెట్టేనాటికి అతనికి కొత్తగా పెళ్ళయింది.

మధ్యాహ్నం పరీక్షశాల పెద్దాయన చిట్టిని తన గదికి పిలిచాడు. కూర్చోమన్నాడు. కాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"ఈ పని మరో చోటికి పంపమని అడిగానమ్మా. ఇంకెక్కడా ఇలాంటి యంత్రం లేదన్నారు. పొడుగాయన చేస్తాడు. నువ్వు ఆ గదిలోకి వెళ్ళొద్దు. లెక్కలు చూడొద్దు. నీ మీద నమ్మకం లేక కాదు..."

"తెలుసండీ. నేనైనా అదే చెప్పేదాన్ని."

"ఇంకొన్నాళ్ళు ఇంటి దగ్గర ఉండరాదూ?"

"ఇంటి దగ్గర ఉండలేకే వచ్చాను," అంది చిట్టి.

ఇంట్లో నాన్న కుర్చీ ఉంది. నాన్న చెప్పులు ఉన్నాయి. వాటిని ఎవరూ కదపడం లేదు, కదపకుండా ఉండలేకపోతున్నారు కూడా. నాన్న దర్జీ. చేతులు వణకడం మొదలయ్యాక కత్తెర పక్కన పెట్టేశాడు గానీ మనిషిని చూస్తే కంటితోనే కొలత తీసే అలవాటు పోలేదు. "నా కొలతలు మనుషులకి, నీ కొలతలు ఇనుముకి. నీదే నయమే చిట్టీ. టేపు చుట్టగానే ఇనుము ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కోదు," అనేవాడు. రోజూ పొద్దున్నే వాలు వీధి దిగి, కింద ట్రామ్ స్టాపు పక్కన పట్టాలు దాటి, అవతల కాఫీ కొట్లో పాత మిత్రుడితో కూర్చుని పేపరు చదివి వచ్చేవాడు. ఆ రోజూ అలాగే వెళ్ళాడు. నెలల తరబడి వాన లేని ఊళ్ళో ఆ వేళ గొడుగు విప్పాలా వద్దా అన్నంత సన్నటి తుంపర పడుతోంది. వాలు మీంచి ట్రామ్ దిగుతోంది. స్టాపులో ఆగుతుందిలే అని, అందరూ దాటినట్టే, నాన్న దాటాడు. ట్రామ్ ఆగలేదు. స్టాపు దాటి వచ్చేసింది.

ఆసుపత్రి వరండాలో చిట్టి ఆ డ్రైవర్ని ఒకే ఒక్కసారి చూసింది. బెంచీ చివర, టోపీ ఒళ్ళో పెట్టుకుని, దాని అంచు వేళ్ళతో తిప్పుతూ కూర్చున్నాడు. యాభై ఏళ్ళుంటాయి. లోపలి నుంచి డాక్టరు వచ్చి తల అడ్డంగా ఊపగానే అన్నయ్య సరాసరి వెళ్ళి అతని చొక్కా పట్టుకున్నాడు. బళ్ళో పిల్లల మీద ఏనాడూ చెయ్యెత్తని పంతులు అన్నయ్య.

"బ్రేకు వెయ్యడానికి ఏం రోగమొచ్చిందిరా నీకు? నిద్రపోతున్నావా?"

"వేశానండీ," అన్నాడు డ్రైవరు. విడిపించుకోవాలని కూడా చూడలేదు. "పైనుంచే వేశాను. బండి ఆగలా. సబ్బు మీద పోయినట్టు పోయింది. గంట కొట్టాను. వేశానండీ..."

ఎన్నిసార్లు అడిగినా ఆ మనిషి అదే చెప్పాడు. పాతకాలం బండి. ఎప్పుడు బ్రేకు వేశాడో రాసిపెట్టే పరికరం అందులో లేదు. తిరగకుండా ఈడ్చుకుపోయినట్టు చక్రం మీద ఒకచోట చదునుగా అరిగిన మచ్చ ఉంది గానీ, ఆఖరి క్షణంలో కంగారుపడి వేసినా అలాంటి మచ్చే పడుతుంది. బండిలో ఉన్న ఇద్దరు ముగ్గురూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నవాళ్ళే. ఇక ఇనుమే సాక్ష్యం చెప్పాలి.

ఆ వారమంతా చిట్టి తన బల్ల దగ్గర పాత పనులు ముందేసుకుని కూర్చుంది. అద్దాల తలుపు అవతల 'ఆలుమగలు' తిరుగుతున్న రొద వినిపిస్తూనే ఉంది. ఆమెకి ఆ రొద చెవిన పడితే చాలు, చక్రాలు పొడిగా ఉన్నాయో తడిగా ఉన్నాయో తెలిసిపోతుంది. వినకూడదనుకున్న కొద్దీ వినబడేది.

వారం చివర పొడుగాయన టీ కప్పు పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చాడు. చెప్పకూడదని తెలుసు. అయినా ఆమె మొహం చూస్తూ చెప్పకుండా ఉండడం అతని వల్ల కాలేదు.

"అక్కా, మీకు చెప్పకూడదు. కానీ మీ మనసుకి కాస్త ఊరట. పొడిగా తిప్పాను. మీద పడే బరువులో సగం పట్టు ఉంది. నీళ్ళు పోసి తిప్పాను. ఐదో వంతు ఉంది. ఆ వాలులో ఆ బండి ఆగడానికి పదో వంతుకి కాస్త ఎక్కువుంటే చాలు. అంటే పైనుంచి బ్రేకు వేసుంటే ఆగి తీరాలి. అతను చెప్పేది అబద్ధం."

అబద్ధం. ఆ మాటకి ఎంత బలముందో! ఇన్నాళ్ళూ ఎటు చూసినా శూన్యంగా ఉంది. ఇప్పుడు చూడ్డానికి ఒక మొహం దొరికింది, టోపీ తిప్పుకుంటూ అబద్ధమాడిన మొహం.

"నీళ్ళు ఎలా పోశావు?" అని అడిగింది. ఎందుకు అడిగిందో ఆమెకే తెలియదు. ఏళ్ళ తరబడి అలవాటైన నోరు అడిగేసింది.

"ఎలా ఏముంది అక్కా, మామూలుగానే. గొట్టంలోంచి సన్నటి ధార."

"చక్రాలు?"

"శుభ్రంగా కడిగి, తుడిచి, మెరిసేలా చేసే పెట్టాను. మీరు నేర్పినట్టే."

"ఊఁ" అంది చిట్టి. టీ చల్లారిపోయింది.

ఆమెకి తెలుసు. అదే వచ్చిన చిక్కు. వెనకటికి గనుల బళ్ళ కోసం ఏదో పరీక్ష చేస్తున్నప్పుడు, చెమ్మ తగిలి పైన పల్చగా తుప్పు పట్టిన చక్రాలను అలాగే తిప్పి చూసింది. దాని మీద రెండు నీటి చుక్కలు పడేసరికి, పట్టు ఎంతుందో చూపించే ముల్లు దబ్బున కింద పడిపోయింది. పట్టు లేదు. నీళ్ళు బాగా పోస్తే తుప్పు కొట్టుకుపోయి పట్టు మళ్ళీ వచ్చింది. పూర్తిగా ఆరితే వచ్చింది. పొడికీ తడికీ నడుమ, తుప్పుపొడి చినుకుతో కలిసి ముద్దయిన ఆ కాసేపే ఇనుము మీద ఇనుము నూనె మీద పోయినట్టు పోతుంది. జోరువానలో ఆగే బండి తుంపరలో ఆగకపోవచ్చు. వినేవాళ్ళకి తలకిందులు మాటలా ఉంటుంది. అప్పట్లో ఆ బళ్ళవాళ్ళకి ఇది అక్కర్లేదు, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పొడుగాయన అప్పటికింకా చేరలేదు.

నాన్న పోయిన రోజు నెలల తర్వాత పడ్డ మొదటి తుంపర.

'నిన్ను వేలు పెట్టొద్దన్నారు. పెట్టకు,' అని తనకి తానే చెప్పుకుంది చిట్టి. ఆ ఆజ్ఞ వెనక దాక్కోవడం ఎంతో హాయిగా అనిపించింది. అడగనివాళ్ళకి చెప్పడానికి నేనెవర్ని? నేను చచ్చిపోయినవాడి కూతుర్ని. తూకం నా చేతుల్లో పెట్టకూడదని వాళ్ళే అన్నారు. అలా అనుకుంటూ ఆ రోజు గడిపేసింది. మర్నాడూ గడిపేసింది.

ఇంట్లో అన్నయ్యకి పరీక్ష సంగతి ఎలాగో తెలిసిపోయింది. భోజనాల దగ్గర చాలా రోజుల తర్వాత అతను కడుపునిండా తిన్నాడు. అది చూసి వదిన కళ్ళు తుడుచుకుంది.

"నేను ముందే అన్నానా? వాడి మొహంలోనే ఉంది. జైల్లో పడితే గానీ బుద్ధి రాదు," అన్నాడు అన్నయ్య.

"వాడికీ పెళ్ళాం పిల్లలు ఉండుంటారు," అంది వదిన మెల్లిగా.

"ఉంటే? నాన్నకి మనం లేమా?" అని చెల్లెలి వైపు తిరిగాడు. "ఏమే చిట్టీ, మాట్లాడవేం? నీ చదువు ఇన్నాళ్ళకి నాన్నకి పనికొచ్చింది."

చిట్టి ముద్ద కంచంలోనే వదిలేసింది. నీళ్ళు తాగి లేచిపోయింది.

ఆ తర్వాత రెండు రోజులకి పొద్దున్నే మళ్ళీ తుంపర పడింది. చిట్టి ఆఫీసుకి ఎప్పుడూ అవతలి దారిన వెళ్ళేది. ఆ రోజు కాళ్ళు వాలు వీధి వైపు తిరిగాయి. కింద స్టాపు దగ్గర నిలబడింది. కాఫీ కొట్టు తలుపులు తీస్తున్నారు. పట్టాలు నీళ్ళు చల్లినట్టు లేవు, కేవలం చెమ్మగా, మసకగా ఉన్నాయి. అటూ ఇటూ చూసి వంగింది, వేలితో పట్టా మీద రాసింది. వేలికి ఇటుక రంగు ముద్ద అంటుకుంది. బొటనవేలితో నలిపింది. గరుగ్గా ఉంటుందనుకుంటే మీగడలా జారింది.

లేచి నిలబడేసరికి పైన ట్రామ్ గంట వినిపించింది. స్టాపులో ఉన్న ఒక పెద్దావిడ, చేతిలో కూరల సంచీతో, బండి వైపు తల కూడా తిప్పకుండా పట్టాల మీదికి అడుగేసింది. ఆగుతుందిలే అని.

"అమ్మా!" అని చిట్టి ఆమె చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగింది. సంచీలోంచి రెండు ఉల్లిపాయలు దొర్లిపోయాయి.

"ఏమిటమ్మా నీ కంగారు! ఆగుతుంది కదా!" అంది పెద్దావిడ విసుక్కుంటూ.

ట్రామ్ నెమ్మదిగా వచ్చి స్టాపులో చక్కగా ఆగింది. డ్రైవరు, వేరే మనిషి, వాళ్ళిద్దరినీ వింతగా చూశాడు. పెద్దావిడ గొణుక్కుంటూ ఉల్లిపాయలు ఏరుకుని బండి ముందునుంచే దాటి వెళ్ళిపోయింది. చిట్టి అక్కడే నిలబడిపోయింది. ఇన్ని రోజులూ తను ఆ టోపీ మనిషి ఒక్కడి గురించే ఆలోచించింది. రేపు ఈ పెద్దావిడ పోతే? అప్పుడు ఇంకో డ్రైవరు ఇంకో బెంచీ మీద కూర్చుని వేశానండీ అంటాడు. వాడిదీ అబద్ధమే అంటారు. అనడానికి పరీక్ష కూడా సిద్ధంగా ఉంది.

ఆఫీసుకి వెళ్తూనే పెద్దాయన గది తలుపు తట్టింది. అంతా చెప్పింది. చెప్తున్నంతసేపూ ఆయన కళ్ళద్దాలు తియ్యలేదు.

"ఇది నువ్వు చెప్తున్నావంటే..." అని ఆగాడు. "ఏం చెప్తున్నావో తెలుసు కదమ్మా నీకు?"

"తెలుసండీ. పరీక్ష నేను చెయ్యను. ఎలా చెయ్యాలో మీ ముందే అతనికి చెప్తాను. తర్వాత బయటికి వెళ్ళిపోతాను. ఈ మాట ఎవరు చెప్పారో విచారణవాళ్ళకి ముందే తెలియజెయ్యండి. తర్వాత తెలిస్తే బాగుండదు."

"మీవాళ్ళేమంటారు?"

చిట్టి లేచి, పొడుగాయన్ని పిలవడానికి తలుపు తీసింది.

పొడుగాయన అంతా విని గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. "అక్కా, నేను మీకు మంచి చేశాననుకున్నాను," అన్నాడు.

"నువ్వు చేసినదాంట్లో తప్పేం లేదు. నేను నేర్పిందే అలా," అంది చిట్టి. ఆ కోసుకొచ్చిన చక్రం ముక్కలోంచీ పట్టా ముక్కలోంచీ కొత్త చక్రాలు తయారు చేయించమంది. తడిగుడ్డలో చుట్టి, పైన ఎర్రటి పొర వచ్చేదాకా ఉంచమంది. కడగొద్దంది. నీళ్ళు ధారగా వద్దు, ఒక్కొక్క చుక్క పడాలి. పడ్డ ప్రతిసారీ ఆగి చూడాలి. చెప్పాల్సింది చెప్పి బయటికి వచ్చేసింది.

పరీక్ష రోజున పెద్దాయన కూడా యంత్రం దగ్గరే నిలబడ్డాడు. చిట్టి అద్దాల తలుపుకి వీపు పెట్టి కూర్చుంది. రొద మొదలైంది. మొదట బరబరమని, పొడి ఇనుము గొంతు. కాసేపటికి ఆ గొంతు మారింది. ఎవరో యంత్రం నోటికి గుడ్డ కట్టినట్టు మెత్తబడింది. ఇంచుమించు మౌనం. చిట్టి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. ఆపారు. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ బరబర, మళ్ళీ మెత్తదనం.

పొడుగాయన బయటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. చేతులకి ఇటుకరంగు మరకలు.

"ఇరవయ్యో వంతు," అన్నాడు. "అంతకన్నా తక్కువే ఒకసారి. చక్రాలు మార్చి మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. ఇసుక వేసి చూడమన్నారు పెద్దాయన. వెయ్యగానే పట్టు దొరికింది. పట్టాల మీద ఇసుక రాల్చే గొట్టమే ఆ బండికి లేదట అక్కా. ఈ ఊళ్ళో వానలెక్కడివని పెట్టలేదట." కొంచెం ఆగి, "అతను పైనుంచే బ్రేకు వేసినా బండి ఆగేది కాదు," అన్నాడు.

నాన్న పోయిన రోజు కూడా నలుగురిలో ఏడవని చిట్టి, అక్కడ, ఆ బల్ల దగ్గర, మొహానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. పొడుగాయన ఏం చెయ్యాలో తోచక పక్కన నిలబడి ఉన్నాడు. గుమాస్తా ఒక గ్లాసుడు మంచినీళ్ళు తెచ్చిపెట్టి చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయాడు.

అన్నయ్యకి తనే చెప్పాలనుకుంది. బయటివాళ్ళ నోట వింటే ఇంకా కష్టం. సాయంత్రం అతను వరండాలో పిల్లల జవాబు పేపర్లు దిద్దుకుంటున్నాడు. ఎదురుగా కూర్చుని చెప్పింది. తుప్పు సంగతి, చినుకు సంగతి, ముల్లు పడిపోవడం. పిల్లలకి చెప్పినంత సులువుగా చెప్పింది. అతను ఎర్ర కలం మూత పెట్టి పక్కన పెట్టాడు.

"ఆ చుక్కల సంగతి వాళ్ళకి ఎవరు చెప్పారు?"

"నేనే అన్నయ్యా."

"నువ్వు చెప్పకపోతే?"

"ఎవరికీ తెలిసేది కాదు."

అన్నయ్య వీధి వైపు తిరిగాడు. అరుస్తాడనుకుంది. అరిచినా బాగుండేది.

"నాన్నని చంపినవాణ్ణి నా చేతుల్లోంచి తీసుకుపోయావే," అన్నాడు చివరికి. "ఇప్పుడు నేను ఎవర్ని తిట్టుకోవాలి? చినుకునా? తుప్పునా? చెప్పు, నువ్వు చదువుకున్నదానివిగా!"

"నాకూ తెలీదన్నయ్యా. నేనూ తిట్టుకుందామనే అనుకున్నాను."

"లోపలికి పో."

"అన్నయ్యా..."

"పోవే తల్లీ, నీకు దణ్ణం పెడతాను. కాసేపు నా కంటికి కనబడకు."

ఆ 'కాసేపు' కాస్తా వారాలయింది. ఒకే ఇంట్లో ఉంటూ అన్నయ్య ఆమెతో ముఖాముఖి మాట్లాడడం మానేశాడు. "నీ ఆడబిడ్డని గొళ్ళెం వెయ్యమను" అని వదినకి చెప్పేవాడు. చిట్టి పక్కనే ఉండేది. వదిన ఇద్దరి మధ్యా అడకత్తెరలో పోకచెక్కలా నలిగిపోయింది. "మీ ఇద్దరి మాటలూ మోసి మోసి నాకు నోరు నొప్పెడుతోంది. నాకూ కాస్త జీతం ఇప్పించండి," అని ఒకరోజు విసుక్కుంది. అప్పుడు కూడా ఎవరూ నవ్వలేదు.

విచారణ రోజున ముగ్గురూ వెళ్ళారు. పొడవాటి గది, చెక్క కుర్చీలు, ఎత్తు మీద ముగ్గురు పెద్దలు. పొడుగాయన మొదటి పరీక్ష గురించీ రెండో పరీక్ష గురించీ చెప్పాడు. మొదటిది ఎందుకు చాలలేదో దాచకుండా చెప్పాడు. రెండో పరీక్ష చెయ్యమన్నది పోయిన మనిషి కూతురని పెద్దాయన చెప్పినప్పుడు గదిలో కుర్చీలు కదిలిన చప్పుడు అయింది. డ్రైవరు తల ఎత్తి మొదటిసారి చిట్టి కోసం వెతికాడు. డ్రైవరు మీద నేరం లేదనీ, ఆ వాలు దిగే బళ్ళన్నిటికీ ఇసుక గొట్టాలు పెట్టాలనీ, తుంపర పడుతున్నప్పుడు సగం వేగంతోనే దిగాలనీ సంఘం తేల్చింది.

వరండాలో జనం పల్చబడ్డాక డ్రైవరు వాళ్ళ దగ్గరికి వచ్చాడు. అన్నయ్య మొహం తిప్పుకున్నాడు గానీ కదిలి వెళ్ళలేదు. డ్రైవరు కృతజ్ఞత చెప్తాడేమో, ఏం అనాలో అని చిట్టి బెదురుతూ నిలబడింది. అతను అది చెప్పలేదు.

"అమ్మా, మీకు ఆ లెక్కలు తెలుసు కదా. ఒక్కటి అడగాలి. సగం వేగమన్నారు. ఆ రోజు నేను సగం వేగంతో దిగుంటే... మీ నాన్నగారు బతికేవారా?"

లేదు అని ఒక్క మాట అంటే చాలు. ఈ మనిషి ఇంటికెళ్ళి నిద్రపోతాడు. కానీ ఎదుటి మనిషి అడిగింది అబద్ధం కోసం కాదు.

"బతికేవారు," అంది. "సగం వేగమైతే ఆ కొద్దిపాటి పట్టుకే బండి ఆగేది. కానీ అలా దిగాలని మీకెవరూ చెప్పలేదు. ఎవరికీ తెలీదు. వానపడితే జారుతుందనుకుంటాం, చినుక్కి ఎవరనుకుంటారు? ఇన్నేళ్ళూ మీరు దిగినట్టే దిగారు."

డ్రైవరు తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు. "అదేనమ్మా, రాత్రంతా అదే అనుకుంటుంటాను. కొంచెం నెమ్మదిగా వచ్చుంటే అని. ఇప్పుడు తెలిసింది. తెలియడమే మంచిది." అతను టోపీ చంకలో పెట్టుకున్నాడు. "నన్ను మళ్ళీ బండి ఎక్కమంటున్నారు. నేను ఎక్కను. షెడ్డులో ఏదైనా పనుంటే చేస్తాను." అన్నయ్య వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. అన్నయ్య అతని చేతుల వైపు చూశాడు. డ్రైవరు మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ మెట్లను కూడా ఒక్కొక్కటిగా, రెండు కాళ్ళూ కలిపి ఆనించి దిగాడు.

ట్రామ్‌లో ఇంటికి వెళ్ళబుద్ధి కాక ముగ్గురూ నడిచారు. సగం దారిలో వదినకి చెప్పు తెగితే అన్నయ్య ఆ చెప్పులు చేతిలో పట్టుకుని నడిచాడు.

ఆ ఏటి కాసిని వానలూ పడి, వెలిసి, చలి వచ్చాక, ఒకరోజు పొద్దున, సెలవైనా చిట్టి పనుండి పరీక్షశాలకి బయల్దేరుతుంటే అన్నయ్య చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఆ యంత్రం చూపిస్తావా?" అన్నాడు. వదిన ద్వారా కాదు, నేరుగా ఆమెతోనే.

పరీక్షశాలలో ఆ రోజు కాపలా మనిషి తప్ప ఎవరూ లేరు. చిట్టి చక్రాలు బిగించింది. తడిగుడ్డలో ఉంచిన జత ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంచుతోంది ఇప్పుడు. అన్నయ్య చేతులు వెనక్కి కట్టుకుని, తనిఖీకి వచ్చినవాడిలా చుట్టూ తిరిగి చూశాడు. ఇంత చిన్నవా అన్నాడు. మీట నొక్కగానే రొదకి ఉలిక్కిపడ్డాడు. ముల్లు పైకి లేచి నిలబడింది. చిట్టి చిన్న గొట్టం అతని చేతికిచ్చి, రబ్బరు తిత్తి ఎలా నొక్కాలో చూపించింది.

"ఒక్క చుక్క చాలు," అంది.

అతను నొక్కాడు. ఏమీ కాలేదు. రెండోది వేశాడు. ముల్లు జర్రున జారి అడుగుకి వచ్చేసింది. రొద మెత్తబడింది. అన్నయ్య దాన్నే చూస్తూ ఉండిపోయాడు. పంతులు కదా, ఒక్కసారితో నమ్మడు. ఆరనిచ్చి మళ్ళీ వెయ్యనిమ్మన్నాడు. మళ్ళీ వేశాడు. మూడోసారి చిట్టి గొట్టం పట్టుకోబోయింది గానీ అతను ఇవ్వలేదు.

"ఇంతేనా?" అన్నాడు.

"ఇంతే."

చిట్టి యంత్రం ఆపేసింది. అన్నయ్య స్టూలు మీద కూర్చుని, మరకలంటిన వేళ్ళు చూసుకుంటూ, "ఆ డ్రైవరు ఇప్పుడెక్కడున్నాడు?" అని అడిగాడు.

"షెడ్డులోనేనట. ఇసుక నింపే పనిట. పొద్దున్నే అన్ని బళ్ళకీ తనే నింపుతాడట."

అన్నయ్య లేచి, చెయ్యి కడుక్కోవడానికి సబ్బు ఎక్కడుందని అడిగాడు. చిట్టి చూపించింది. కుళాయి దగ్గర అతను ఎంతసేపు రుద్దినా గోళ్ళ సందుల్లోంచి ఆ ఎరుపు పోలేదు. "రెండు రోజులుంటుందన్నయ్యా, తర్వాత అదే పోతుంది," అంది చిట్టి. తువ్వాలు అందించింది.